లాడ్ బజార్ లక్క గాజులు
చార్మినార్‌కు పడమటి దిక్కున సాగే లాడ్ బజార్లో ధగధగలన్నీ దుకాణాలవే. పనితనమంతా పాతబస్తీ గల్లీల్లో, బొగ్గుల కుంపటి పక్కన. లక్కను వేడికి మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి అతుకుతారు. ఆ తర్వాతే అసలు ఓపిక: వెచ్చటి లక్క మీద రాళ్లూ అద్దం ముక్కలూ ఒక్కొక్కటే అద్దాలి. చల్లారితే రాయి నిలవదు, మరీ కాగితే ఆకారం పోతుంది. ఆ మధ్య వేడిని వేళ్లే పసిగడతాయి. చాలా ఇళ్లలో రాళ్లు పొదిగేది ఆడవాళ్లే; గల్లాపెట్టె దగ్గర మాత్రం మగవాళ్లు! ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది, మంచిదే. నాకు ముచ్చటేసేది ఇంకొకటి. గాజు బిగుతైతే మళ్లీ సెగ చూపించి, కర్రకు తొడిగి, అక్కడికక్కడే సైజు సరిచేసి ఇస్తారు. మాల్‌లో అయితే బిల్లు పట్టుకుని మార్చుకోవాల్సిందే.