మోర్మన్ సమాజ నిర్మాణము – ఒక విమర్శనాత్మక పరిశీలన

మోర్మన్ మతమును గూర్చి మన వేదాంత పాఠశాలలలో జరిగే చర్చ సాధారణముగా త్రిత్వ సిద్ధాంతముతో మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ విభేదము స్వల్పమైనది కాదు. నైకయ విశ్వాస ప్రమాణము బోధించు త్రిత్వమును వారు అంగీకరించరు. అయితే 1830లో న్యూయార్కు రాష్ట్రములో జోసెఫ్ స్మిత్ స్థాపించిన చిన్న గుంపు, 1844లో ఆయన హతుడైన తరువాత కూడ నశించక, 1847లో బ్రిగమ్ యంగ్ వెంట యూటా ప్రాంతము చేరి, నేడు 1.7 కోట్లకు పైగా సభ్యులున్న యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘముగా ఎలా నిలిచినది? ఈ ప్రశ్నను మనము దాటవేయరాదు.

మా పరిశీలనలో దీనికి ముఖ్య కారణము వారి వార్డు వ్యవస్థ. సభ్యుడు ఏ వార్డుకు చెందునో అతని నివాసమే నిర్ణయిస్తుంది. మంచి ప్రసంగీకుని వెదకుకొంటూ సంఘము మారు అలవాటు అక్కడ లేదు. వార్డు బిషప్పు జీతము లేని గృహస్థుడు. కొన్ని సంవత్సరములు సేవచేసి, మరల సామాన్య సభ్యులలో కూర్చుంటాడు. ప్రసంగము, బోధన, పరామర్శ సభ్యులే చేస్తారు. నెలకొకసారి ఉపవాసముండి, ఆ భోజనపు ఖర్చును బీదలకు అర్పిస్తారు. ప్రతివానికి ఒక పని ఉన్నది గనుక, రానివాని లోటు వెంటనే తెలుస్తుంది.

ఈ కట్టుబాటు ఇటీవల సడలింది. నెలనెలా ఇండ్లు దర్శించు పాత పద్ధతిని 2018లో మార్చారు. ఆదివారపు కూడికలను 2019లో మూడు గంటల నుండి రెండు గంటలకు తగ్గించారు. ఆ సంవత్సరాంతమున స్కౌటు ఉద్యమముతో శతాబ్దమునకు మించిన బంధము ముగిసినది. కుటుంబములకు భారము తగ్గినది; కలిసి పనిచేయు సందర్భములును తగ్గినవి. పని వలన ఏర్పడిన సహవాసము పని తగ్గినప్పుడు నిలుచునా? వారి భవిష్యత్తు ఈ ప్రశ్నపై చాలవరకు ఆధారపడియున్నది.

అంతకంటె లోతైన బలహీనత వేరొకటి ఉన్నది. దేవాలయ ప్రవేశమునకు యోగ్యతా పత్రము కావలెను. దశమభాగము పూర్తిగా చెల్లించుట అందులో ఒక షరతు. ఆ పత్రము లేని తల్లిదండ్రులు దేవాలయములో జరుగు తమ బిడ్డ వివాహమును చూడలేరు. నల్లజాతి పురుషులకు 1978 వరకు యాజకత్వము నిరాకరింపబడినది. ఇంత ఆప్యాయత గల సమాజమునకు ఇంత ఎత్తైన గోడ! యోగ్యతపై కట్టబడిన ఐక్యత తడబడినవానిని నిలుపలేదు. కృప మాత్రమే ఆ పని చేయగలదు.

అయితే కృపను బోధించు మన సంగతి ఏమి? వారి మొదటి భారతీయ స్టేకు 2012లో హైదరాబాదులోనే ఏర్పడినది గనుక ఇది దూరదేశపు విషయము కాదు. మన సభ్యుడొకడు అటు వెళ్లినప్పుడు దుర్బోధ అని ఖండిస్తాము. మూడు వారములు కనబడని అతని ఇంటికి ఎవరు వెళ్లారని మేము అడిగినప్పుడు, పాస్టరుగారు వెళ్లలేదా అను ప్రశ్నే జవాబుగా వచ్చినది. భారమంతయు ఒక్కని భుజములపై ఉంచుటకు మేమును అలవాటు పడితిమి. పల్లెలో కులమును బట్టి వేరుపడిన ఆరాధనలను చూస్తూ, యూటా గోడలను మాత్రమే విమర్శించుట న్యాయము కాదు. సిద్ధాంతములో వారిని సరిదిద్దు అర్హత మనకు ఉన్నది. పొరుగువాని తలుపు తట్టు విషయములో వారి యొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.