పళ్ళెంలోకి ఒక్కొక్కటిగా

మూడు వారాలు గోధుమ ముట్టకుండా గడిపాక, ఒక సాయంత్రం మా ఆవిడ ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదివింది. మేముండే దోహాలో అమ్మే డబ్బాల మీద ఇంగ్లీషు పక్కన అరబీ కూడా అచ్చువేస్తారు కనుక, ఉన్న కాస్త జాగాలో అక్షరాలు ఆవగింజంత అవుతాయి. కళ్ళజోడు పెట్టుకుని, దీపం కిందికి జరిగి చదివి, "ఏమండీ, ఇందులో గోధుమపిండి ఉందట" అంది. మనం కొనే ఇంగువ పొడి చాలామటుకు ఒట్టి ఇంగువ కాదు. అసలు ఇంగువ ఘాటుకు తట్టుకోలేం కనుక, దాన్ని గోధుమపిండో మైదానో బియ్యప్పిండో, తుమ్మబంకో కలిపి పలచన చేస్తారు. రోజూ పప్పు తాలింపులో పడే చిటికెడుతో పాటు గోధుమ కూడా లోపలికి వెళ్తూనే ఉందన్నమాట. ఆమె నోటుబుక్కు తెరిచి, మూడు వారాల లెక్క మీద అడ్డగీత కొట్టి, కింద "ఒకటో రోజు" అని మళ్ళీ రాసుకుంది.

ఆ అడ్డగీత నన్ను కదిలించింది. ఆరేళ్ళుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో ఉన్న మనిషి ఆమె. తెల్లారి లేచేసరికి వేళ్ళు కొయ్యబారి ఉంటాయి. వేణ్ణీళ్ళలో చేతులు ముంచి కాసేపు ఉంచితే తప్ప సీసా మూత తిరగదు. ఒళ్ళు కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారి తప్పి కీళ్ళలోపలి పొర మీద పడటం ఈ జబ్బు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అంత నొప్పిలో ఉన్నవాళ్ళు మూడు వారాల కష్టాన్ని ఒక చిటికెడు ఇంగువ కోసం కొట్టేయాలంటే, చేస్తున్న పని మీద నమ్మకం ఉండాలి. అనుమానం ఉన్న తిండిని మానేసి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి తిని చూసే ఆ పని పేరు ఎలిమినేషన్ డైట్. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన ఆల్బర్ట్ రో అనే వైద్యుడు 1920లలో అలర్జీ రోగుల కోసం ఈ మాటనూ పద్ధతినీ వాడుకలోకి తెచ్చాడు. కీళ్ళవాతానికి దాన్ని ఎంత నేర్పుగా బిగించవచ్చో చూపించింది మాత్రం నార్వేలోని ఓస్లో బృందం. ఆ బిగింపును దగ్గరగా చూపించాలనే ఈ వ్యాసం.

ముందు మన పథ్యం సంగతి. ఇంట్లో ఎవరికైనా కీళ్ళు పట్టేశాయనగానే పెద్దవాళ్ళు జాబితా చదివేస్తారు: వంకాయ వద్దు, బంగాళదుంప వద్దు, శనగపిండి వద్దు, పులుపు తగ్గించు, పెరుగు రాత్రిపూట అసలే వద్దు. ప్రేమతో చెప్పే మాటలే. మా నాయనమ్మ చివరి ఇరవై ఏళ్ళు గుత్తివంకాయ కూర రుచి చూడలేదు. ఆవిడ మోకాళ్ళకు వంకాయ చేసిన అపకారమేమిటో ఎవరూ పరీక్షించలేదు. పథ్యంలో ఒక వస్తువు పళ్ళెం దాటి వెళ్ళిందంటే వెళ్ళినట్టే, దాన్ని వెనక్కి పిలిచే ఏర్పాటు ఆ సంప్రదాయంలో లేదు. తీసెయ్యడం ఎవరికైనా చేతనవును. ఎలిమినేషన్ డైట్‌లోని పనితనమంతా తిరిగి పెట్టడంలో ఉంది.

ఆ ఓస్లో బృందం, అంటే యెన్స్ షెల్సెన్-క్రాగ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం 1991 అక్టోబరులో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నాలుగు పేజీలు, అంతే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న 53 మందిని రెండు జట్లు చేశారు. 27 మంది ఒక ప్రకృతి ఆరోగ్య కేంద్రంలో నాలుగు వారాలు ఉన్నారు. మొదటి ఏడు నుంచి పది రోజులు దాదాపు ఉపవాసం: మూలికల టీ, వెల్లుల్లి, కూరగాయల కషాయం, క్యారెట్ బీట్‌రూట్ సెలెరీల రసం. పండ్లరసం కూడా లేదు. ఆ తర్వాత మూడున్నర నెలల పాటు గ్లూటెన్ లేని శాకాహారం. అందులో పాలు, గుడ్డు, చేప, మాంసం లేవు. పంచదార, నిమ్మ నారింజ జాతి పండ్లు, టీ కాఫీలు కూడా పక్కన పెట్టమన్నారు. ఆ గడువు దాటాక పాలు, గోధుమల వంటివి నెమ్మదిగా లోపలికి వచ్చాయి. మొత్తం ఏడాది.

ఉపవాసం ఎందుకన్నది మొదటి మెలకువ. తంబురా శ్రుతి కుదిరాక గానీ అపస్వరం వినపడదు. రోజూ నొప్పి ఉన్న ఒంట్లో ఫలానా తిండి వల్ల నొప్పి పెరిగిందని ఎలా తెలుస్తుంది? ముందు ఒంటిని వీలైనంత నెమ్మదింపజేయాలి. ఉపవాసంలో వాపు తగ్గుతుందని అప్పటికే వైద్యులకు తెలుసు. తినడం మొదలుపెట్టగానే అది తిరిగి వస్తుందనీ తెలుసు. ఓస్లో వాళ్ళు ఆ తిరిగివచ్చే ఘడియనే తమ పనిముట్టుగా మలుచుకున్నారు. వాపు తిరిగి వస్తే ఏ తలుపు గుండా వచ్చిందో కనిపెట్టడానికి తలుపులన్నీ మూసి, ఒక్కొక్కటే తెరిచారు.

తెరిచే తీరు ఇదీ. రెండు రోజులకు ఒక కొత్త వస్తువు. తిన్న రెండు గంటల నుంచి 48 గంటల లోపు నొప్పి, బిగుసుకుపోవడం, వాపు పెరిగితే ఆ వస్తువును కనీసం ఏడు రోజులు పక్కన పెట్టాలి. ఆ తర్వాత మళ్ళీ పెట్టి చూడాలి. రెండోసారి కూడా అదే జరిగితే, అప్పుడు మాత్రమే దాన్ని ప్రయోగం ముగిసేదాకా మానాలి.

ఈ నాలుగు వాక్యాలను నేను ఎన్నిసార్లు చదివానో. ఇందులో ఒక్క అంకె కూడా ఊరికే పడలేదు. 48 గంటలకూ "రెండు రోజులకు ఒకటి" అన్నదానికీ ముడి ఉంది చూడండి: మొన్నటి వస్తువు గడువు తీరాకే నేటి వస్తువు పళ్ళెంలోకి వస్తుంది, ఒకరి నేరం ఇంకొకరి మీద పడదు. కింది హద్దు రెండు గంటలు ఎందుకంటే, నాకు తోచినంతవరకు, నోట్లో పెట్టుకోగానే "అమ్మో" అనిపించేది కీళ్ళ మాట కాదు, మనసు మాట. ఇక ఆ ఏడు రోజులు, రెండో విచారణ. ఈ జబ్బు తనంతట తానే ఎగసి తనంతట తానే దిగుతుంది. సోమవారం టమాటా తిన్నాం, మంగళవారం మోకాలు వాచింది, పాపం టమాటాదే అనుకుంటాం. అది టమాటా తినకపోయినా వాచే మంగళవారం కావచ్చు. ఒక్క సాక్ష్యం మీద శిక్ష వెయ్యకూడదన్న న్యాయబుద్ధి ఈ నియమంలో ఉంది. మా నాయనమ్మ వంకాయకు ఆ రెండో విచారణ దక్కలేదు.

ఇదే నియమాన్ని తెలుగు వంటింట్లోకి తెస్తే పని ఎంత పెరుగుతుందో మాకు పోపు దగ్గరే అర్థమైంది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ: ఒక్క పోపులో ఏడు వస్తువులు. రెండు రోజులకొకటి చొప్పున పధ్నాలుగు రోజులు. సాంబారు మాటకొస్తే నెల పైనే. మన వంటలో రుచులన్నీ కలగలిసి ఉండటమే అందం. ఈ పద్ధతికి ఆ కలయికే అడ్డం. అందుకని కొన్నాళ్ళు కూరను కూరలా కాక, విడివిడి పోగుల్లా వండాలి. ఉడికించిన సొరకాయ, అన్నం, ఉప్పు. మరునాడూ అదే. మూడో రోజు దానికి తోడు జీలకర్ర. ఇంత చప్పిడి తిండి వండిపెట్టడంలో కూడా నేర్పుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఖతార్‌లో ఈ పని కొంత తేలిక, కొంత కష్టం. అన్నం తినేవాళ్ళం కనుక గోధుమ మానడం నార్వే వాళ్ళకున్నంత బాధ కాదు. ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి అన్నీ ఉన్నాయి, వాటికి కావలసిన పిండ్లూ దొరుకుతాయి. స్థానికుల మచ్బూస్ కూడా బియ్యం వంటే. పాలే పెద్ద చిక్కు. ఈ ఊరు కరక్ చాయ్ మీద నడుస్తుంది, ఆ చాయ్‌కి ప్రాణం పాలు. 2017లో పొరుగు దేశాలు సరిహద్దులు మూసినప్పుడు విమానాల్లో ఆవులను దింపుకుని బలద్నా పాడి సంస్థను పెంచిన దేశం ఇది, పాలు ఇక్కడ ఒక ఆత్మగౌరవపు విషయం కూడా. మా ఆవిడ దుకాణంలో రెండు అరబీ మాటలు పట్టుకుంది: పాలకు హలీబ్, గోధుమకు ఖమ్‌హ్. బిస్కెట్ల దగ్గర, సూప్ పొడుల దగ్గర, మసాలా పొట్లాల దగ్గర ఆ రెండు మాటల కోసం వేలితో వెతుకుతూ నిలబడేది. గల్ఫ్ దేశాల ఉమ్మడి ప్రమాణం ప్రకారం పొట్లం మీద దినుసులు రాసి తీరాలి, ఆ చిన్న అక్షరాలే ఆమెకు ఆధారం. రంజాన్ నెలలో పై అంతస్తు హైదరాబాదీ కుటుంబం హలీమ్ పంపింది. ఖతారీల హరీస్, మన హలీమ్ ఒకే కుదురు వంటలు, రెండింటికీ ఆధారం గోధుమ. వాళ్ళకు విషయం చెప్పి క్షమించమన్నాం. మరునాడు గిన్నె నిండా ఖర్జూరాలు వచ్చాయి. వాటినీ నోటుబుక్కులో ఒక వరుసలో పెట్టి, తమ వంతు వచ్చేదాకా ఆపింది.

ఒక మాట ఇక్కడ చెప్పకపోతే తప్పు. ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియా కార్మికుల క్యాంపుల్లో ఉండే మన జగిత్యాల, నిజామాబాద్ అన్నదమ్ములు మెస్‌లో పెట్టింది తింటారు. పళ్ళెంలోకి ఏది రావాలో తేల్చుకునే వీలు లేనివాడికి ఈ విద్య అందదు. అతనికి వేళ్ళు బిగుసుకుంటే అందవలసింది ముందుగా వైద్యుడూ మందులూ.

ఓస్లో పనితనంలో నాకు అన్నిటికంటే నచ్చింది రెండో జట్టు. మిగతా 26 మందిని ఇంటి దగ్గర వదిలేయలేదు. వాళ్ళనూ నాలుగు వారాలు విశ్రాంతి గృహంలో ఉంచి, మామూలు తిండే పెట్టారు. ఎందుకంటే ఇల్లు, వంట, చాకిరీ వదిలి నెల రోజులు పడుకుంటే ఎవరి నొప్పయినా కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలను తిండి ఖాతాలో వేసుకోకూడదని వాళ్ళు ముందే జాగ్రత్తపడ్డారు. అనుకున్నట్టే జరిగింది, రెండో జట్టుకూ నొప్పి తగ్గింది. అయితే వాళ్ళకు తగ్గింది అదొక్కటే. ఆహారం మార్చిన జట్టులో నొప్పితో పాటు వాచిన కీళ్ళ సంఖ్య, ఉదయం బిగుసుకుపోయే సేపు, రక్తంలో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ తగ్గాయి, పిడికిలి పట్టు పెరిగింది. ఏడాది చివర కూడా ఆ మేలు నిలిచింది.

ఈ ప్రయోగానికి ఒక అతుకు సరిగా కుదరలేదు. ఎవరికి ఏ తిండి పెడుతున్నారో తినేవాళ్ళకు తెలుసు. ఆశ కూడా మందులా పనిచేస్తుంది. బరువు తగ్గడమూ తన వంతు చేస్తుంది. ఆ అతుకును పట్టుకోవాలంటే ఇంకా సన్నని ఉలి కావాలి, అది అమెరికాలో రిచర్డ్ పానుష్ చేతిలో ఉంది. 1986లో ఆయన బృందం 52 ఏళ్ళ ఒక స్త్రీ కథ ప్రచురించింది. మాంసం, పాలు, చిక్కుళ్ళు తనకు పడవని ఆమె నమ్మకం. తిండిని గొట్టం మాత్రల్లో కూరి, ఏ మాత్రలో ఏముందో ఆమెకూ చూసేవాళ్ళకూ తెలియకుండా ఇచ్చారు. పాలు వెళ్ళిన ప్రతిసారీ 24 నుంచి 48 గంటల మధ్య కీళ్ళు వాచాయి. మిగతావాటికి ఏమీ కాలేదు. ఆమె మూడింటిని అనుమానించింది, మాత్ర ఒకదాన్నే పట్టించింది. 1990లో అదే బృందం తిండి పడదని చెప్పే 16 మందికి ఇదే పరీక్ష పెడితే, ముగ్గురిలో మాత్రమే నిజంగా కీళ్ళు స్పందించాయి.

ఆ ముగ్గురి కోసమే ఈ విద్య అని నా నమ్మకం. మిగతా పదముగ్గురికీ ఇది వేరే మేలు చేస్తుంది: తాము భయపడి మానేసిన తిండిని భయం లేకుండా తిరిగి ఇస్తుంది. అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం 2022 మార్గదర్శకాలు మధ్యధరా తరహా భోజనాన్ని షరతులతో సూచించాయి, తతిమ్మా పేరున్న డైట్‌లను సూచించలేదు. ఆ జాగ్రత్త సరైనదే. ఈ జబ్బుకు వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్‌ను సొరకాయ భర్తీ చెయ్యలేదు, కీలు అరగకుండా కాపాడేది మందే. ఇక్కడి ఆసుపత్రిలో మా ఆవిడను చూసే రుమటాలజిస్టు మొదటి రోజే రెండు షరతులు పెట్టారు: మాత్ర మానకూడదు, బరువు పడిపోకూడదు. పాలు ఆపినన్నాళ్ళూ కాల్షియం ఎక్కడిదని అడిగితే మేము రాగులని చెప్పాం. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఆ అంకెను ఆమె నోటుబుక్కు అట్ట లోపల రాసుకుంది.

ఇప్పటికి నాలుగు నెలలు. టమాటా విచారణలో నిర్దోషి. వంకాయ కూడా. వంకాయ గెలిచిన రోజు మా ఇంట్లో గుత్తివంకాయ కూర వండుకున్నాం, కారం పెట్టని కూర, ఎందుకంటే ఎండుమిర్చి వంతు ఇంకా రాలేదు. పాలు మొదటిసారి తేడా చేశాయి, వారం ఆగి మళ్ళీ ఇస్తే ఏమీ చెయ్యలేదు. వాటి పక్కన ఆమె ప్రశ్నార్థకం పెట్టింది. గోధుమ మొదటిసారి గట్టిగానే పట్టింది: తిన్న మరునాడు ఉదయం మణికట్లు రెండూ గంటంబావు బిగుసుకున్నాయి. ఏడు రోజులు ఆగింది. నిన్న, శుక్రవారం పొద్దున, వీధి చివర బేకరీ నుంచి వేడి ఖుబ్జ్ రొట్టె ఒకటి తెచ్చాను. సగం తిని, టైము రాసింది: ఎనిమిదీ ఇరవై. ఇవాళ పొద్దున లేవగానే పిడికిలి బిగించి, విప్పి, మళ్ళీ బిగించి చూసుకుంది. నేనేమీ అడగలేదు. ఆదివారం ఎనిమిదీ ఇరవై దాకా గడువుంది.