ఐదో తారీకుకు ముందే

అద్దె కట్టలేమన్న సంగతి ఐదో తారీకు పొద్దున తెలిసేది కాదు. ఇరవై ఐదు నాటికే ఇంట్లో లెక్క తేలిపోతుంది. కంపెనీ జీతం ఆపేసి ఉంటుంది, ఆటో షెడ్డుకెళ్లి ఉంటుంది, లేదా డబ్బంతా ఆసుపత్రికి పోయి ఉంటుంది. మిగిలిన ఆ పది రోజుల్లో మనం ఏం చేశామన్నదాన్ని బట్టే తర్వాతి కథ నడుస్తుంది. ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో బతికిన నాకు ఇందులో అనుమానం లేదు.

చాలామంది తప్పుకు తిరుగుతారు. ఓనరు వాకిట్లో ఉంటే మెట్లు దిగరు, ఫోన్ మోగినా ఎత్తరు. వాళ్లను తప్పుపట్టను, సిగ్గు అలాంటిది. కానీ కింది వాటాలో ఉండే రిటైరైన దంపతులు పై వాటా అద్దెతోనే మందులు కొనుక్కునే ఇళ్లు మన ఊళ్లలో కోకొల్లలు. ముందే చెబితే వాళ్లూ ఎక్కడో ఒకచోట సర్దుకుంటారు.

చెప్పడం అంటే ‘కొంచెం అడ్జస్ట్ చేసుకోండి సార్’ అనడం కాదు. అందులో డబ్బూ లేదు, తారీకూ లేదు. ‘ఆంటీ, నమస్తే. ఈసారి జీతం పదిహేను దాటాకే ఇస్తామన్నారు. పన్నెండు వేలలో ఇప్పుడు ఐదు వేలు పంపుతున్నాను. మిగతా ఏడు వేలు ఇరవయ్యో తారీకున వేస్తాను’. ఇలా ఉండాలి. ఎదురుగా వెళ్లి చెప్పడం మర్యాద. చెప్పి వచ్చాక అదే మాట వాట్సాప్‌లో పెట్టడం జాగ్రత్త. రెండూ కావాలి. తారీకు మాత్రం డబ్బు వస్తుందని ఆశపడుతున్న రోజుకు నాలుగు రోజులు అవతల పెట్టుకోండి. మొదటి ఆలస్యాన్ని ఓర్చుకున్న ఓనరు రెండోసారి మాట తప్పితే ఓర్చుకోడు.

ఉన్నంతలో కొంత పంపడం చాలా ముఖ్యం. పంపేటప్పుడు ఫోన్‌పేలో నోట్ రాసే చోట ‘మార్చి అద్దెలో భాగం’ అని రాయండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఏ బాకీ కింద కడుతున్నామో కట్టేవాడు చెబితే పుచ్చుకున్నవాడు దాన్ని ఆ బాకీకే జమ వేయాలి. మనం చెప్పకపోతే ఎందులో వేసుకోవాలన్నది అతని ఇష్టం. మార్చి అద్దె అనుకుని పంపింది ఎప్పటిదో పాత కరెంటు బిల్లు కింద పోవచ్చు.

కట్టలేకపోయినవాడినీ, కావాలని ఎగ్గొట్టినవాడినీ చట్టం కూడా ఒకే గాటన కట్టలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టంలో, బకాయి ఉద్దేశపూర్వకం కాదని రెంట్ కంట్రోలర్‌కు నమ్మకం కలిగితే కట్టడానికి 15 రోజుల వరకు గడువు ఇవ్వొచ్చని రాశారు. ఓనరు అద్దె పుచ్చుకోనంటే ఏ బ్యాంకులో వేయాలో చెప్పమని నోటీసు, చెప్పకపోతే మనియార్డరు, అదీ తిప్పికొడితే కంట్రోలర్ దగ్గర డిపాజిట్ అని వరస కూడా పెట్టింది. ఇవాళ్టి నగరాల అద్దెలకు ఆ చట్టం చాలావరకు అందదు. అలాంటి ఇళ్ల విషయంలో, అద్దె బకాయి పడితే లీజు రద్దని అగ్రిమెంటులో రాసుకుని, ఆ కారణంతోనే ఖాళీ చేయించాలని దావా వేసినా, విచారణలో బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే కోర్టు కనికరించడానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వీలిచ్చింది. ఇలాంటిచోట మన మెసేజీలూ, కట్టిన కొద్ది మొత్తాలూ మన తరఫున మాట్లాడతాయి. 2020 లాక్‌డౌన్‌లో మూడు నెలల అద్దె అడగవద్దని, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోవాలని తెలంగాణ ప్రభుత్వం చెప్పినప్పుడు కూడా బాకీ మాఫీ కాలేదు, వెనక్కి జరిగింది. అంతే.

అద్దె కోసం లోన్ యాప్ జోలికి మాత్రం పోవద్దు. ఓనరుకు ఏడు వేలు బాకీ ఉన్నవాడు నిద్రపోగలడు. యాప్ వాళ్లు ఫోన్‌లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేయడం మొదలుపెడితే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అడ్వాన్సులో పట్టుకోమనడం కూడా అడిగి ఒప్పించుకోవాల్సిన మాటే, మనంతట మనం అనేసుకునేది కాదు.

ఇంత చేసినా కొందరు ఓనర్లు నీళ్ల మోటారు ఆపుతారు, ఫ్యూజు పీకుతారు, తాళం మార్చేస్తామంటారు. అద్దె బాకీ ఉన్నంత మాత్రాన ఆ హక్కు వాళ్లకు రాదు. ఖాళీ చేయించాలంటే కోర్టుకు పోవాల్సిందే. అరుపులకు అరుపులతో జవాబివ్వకుండా ఫొటో తీసుకుని, రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి, అవసరమైతే పోలీసు స్టేషన్‌కు వెళ్లండి. ఉచిత న్యాయ సహాయానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకైతే ఆదాయంతో పని లేకుండా లాయరును ఇస్తారు.

చివరి వాయిదా పడ్డ రోజున ‘మార్చి బాకీ తీరింది’ అని ఒక్క ముక్క రాయమని అడగండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చు, మెయింటెనెన్స్ తీసేసి అడ్వాన్సు లెక్క చూస్తారు కదా, పాత నెలల ప్రస్తావన వచ్చేది అప్పుడే.