సహజ చమత్కారము - హాస్యరచన

ఒక శ్రావణమాసమున మేము విద్యార్థులతో కంబదూరు ప్రాంతమునకు బోయితిమి. వేరుసెనగ చేని గట్టున గూర్చున్న వృద్ధుని "వాన వచ్చినదా?" యని యడిగితిమి. "వచ్చింది సామీ. ఊరి పేరడిగి అట్లే పాయ" అనెను. విద్యార్థులు పకపక నవ్విరి. ఆతడు మాత్రము నవ్వలేదు.

ఒక విద్యార్థి యీ మాటను వ్యాసమున జేర్చెను. అనంతపురము జిల్లాలో సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియుననియు, రైతులు దైన్యమున నున్నారనియు అర్ధపుట వర్ణించి, పిమ్మట "హాస్యపూర్ణమైన ప్రత్యుత్తరము" అని పేరుపెట్టి మరీ వృద్ధుని వాక్యమును వ్రాసెను. తరగతిలో జదువగా నొక్కరును నవ్వలేదు. మాటలో నక్షరమైనను మారలేదు గదా! నవ్వెట్లు పోయినది?

చమత్కారముగా మాటలాడువాడు చమత్కారముగా వ్రాయగలడని మనవారి నమ్మకము. మేము దీనిని సగమే యంగీకరింతుము. వృద్ధుని మాటలో "వచ్చింది" అనునది యాశ కల్పించును. "ఊరి పేరడిగి" అనునది మేఘమును బాటసారిని జేయును. "పాయ" అనునది యాశను హరించును. కరవు సంగతి వినువారికి ముందే తెలియును గనుక చెప్పనక్కరలేదు, చేనే చెప్పుచున్నది. కాగితముమీద చేను లేదు. దానిని రచయితయే సమకూర్పవలెను, సమకూర్చినట్లు తెలియరాదు. కష్టమంతయు నిచటనే యున్నది.

ఈ మండలములోని రాళ్ళపల్లిలో 1893లో జన్మించిన అనంతకృష్ణశర్మగారు 1928 నాటి వేమనోపన్యాసములలో ఆ కవి హాస్యమును గూడ విచారించిరి. వేమన్నది సహజ చమత్కారమే యని తలచువారు ఆటవెలది నిర్మాణమును గమనింపవలెను. నాలుగవ పాదము మకుటమునకు బోగా కవికి మిగులునవి మూడే. మొదటి రెండింట విషయమును నిలిపి మూడవదానిలో మలుపు త్రిప్పవలెను. మలుపు తరువాత మకుట మందరికిని దెలిసినదే కావున, నవ్వుటకు వ్యవధియు దొరకును. వృద్ధుని మూడు మెట్లును ఇవియే. వేమన్న వానిని ఛందస్సులో బంధించెను.

నాటకమున నీ పని మరింత విశాలము. గురజాడ 1897లో ముద్రించిన కన్యాశుల్కమును 1909 నాటికి దాదాపు క్రొత్త నాటకముగా దిరిగి వ్రాసెను. అందు పూటకూళ్ళమ్మ సొమ్మును తాను వాడుకొన్న సంగతిని గిరీశము మొదటి రంగమున దనలో దాననుకొనును. ప్రేక్షకుడు దానిని వాని స్వభావముగా మాత్రమే గ్రహించును. తరువాతి రంగమున మధురవాణి యింట నామె చీపురుతో బ్రవేశించినపుడు ఎవ్వరును వివరింప బనిలేదు. దెబ్బ మంచము క్రింద నున్న రామప్పపంతులకు దగులుట యధికలాభము! ఆ స్వగతమే రెండవ రంగమునందు బడియున్నచో నవ్వు సగమగును.

మా విద్యార్థిని వ్యాసము తిరిగి వ్రాయుమంటిమి. వర్షపు లెక్కను మూడు పుటలు వెనుకకు, విత్తనముల ధరల ప్రస్తావనలోనికి, జరపెను. "హాస్యపూర్ణమైన" అను విశేషణమును గొట్టివేసెను. ఈసారి తరగతి నవ్వినది. ఒకడు లేచి "అట్లే" అను పదము తీసివేసిన మరింత పదునెక్కునేమో యనెను. తీసి చదివి చూచితిమి. మేఘము మరీ తొందరపడినట్లు తోచినది. మరల నుంచితిమి.