రామభద్రాక్షరములు – గుణదోషవిచారము

ముద్రణము మన వాఙ్మయమునకుఁ జేసిన యుపకారము నెల్లరు నెఱుఁగుదురు. ముద్రాక్షరముల రూపమును గుఱించి విచారించు పండితులు మాత్ర మరుదు. శబ్దమునకు సాధుత్వ మున్నట్లే లిపికిని సాధుత్వ మున్నది. ఒక వర్ణమును మఱియొక వర్ణముగా భ్రమింపఁజేయు వ్రాఁత యపశబ్దముతో సమానము. ఈ దృష్టితో, శీర్షికలకై కల్పింపఁబడిన ‘రామభద్ర’ యను లావుపాటి యక్షరముల గుణదోషములను బరిశీలింపఁ దలఁచితిమి.

ఈ యక్షరములను 2013వ సంవత్సరమునఁ బురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిరి. అమెరికాయందలి తెలుఁగువారి సంస్థ యగు సిలికానాంధ్ర వీనిని వెల లేక యెల్లరకు నందఁజేసినది. అష్టదిగ్గజములలో నొకఁడుగాఁ బరిగణింపఁబడు రామాభ్యుదయకర్త, అయ్యలరాజు రామభద్రుని పేరు వీనికి వచ్చినది. ఆ కవి శైలి ప్రబంధోచితములగు నలంకారములతోఁ గూడినది; ఈ యక్షరముల శైలి యన్ననో నిరాడంబరము. ఈ భేదమును దోషముగా నెంచఁ బనిలేదు. సంజ్ఞ కర్థాన్వయము నియతము గాదు గదా.

ఈ జాతి యక్షరములను ఆంగ్లేయులు ‘సాన్‌సెరిఫ్’ అందురు. రోమక లిపియందు గీఁతల కొసలకుఁ జిన్న యడ్డుకాళ్లుండును. అవియే సెరిఫులు. అవి లేని ముద్రాక్షరములను 1816లో లండనునందు నాలవ విలియం కాస్లన్ తన మాదిరిపుస్తకమునఁ జూపెను. 1832లో విన్సెంట్ ఫిగ్గిన్స్ అట్టివానికి సాన్‌సెరిఫ్ అను పేరు వాడెను. ఈ సంజ్ఞను మన లిపికిఁ దెచ్చునపుడు జాగరూకత వలయును. తలకట్టే మన సెరిఫని తోఁపవచ్చును. కాని యది పొసఁగదు. సెరిఫును దీసివేసినను రోమక వర్ణము మాఱదు, అది కేవలాలంకారము. తలకట్టట్టిది గాదు. ‘క’ యందలి తలకట్టు ‘కి’, ‘కె’ లందుఁ దొలఁగి గుణింతపు గుఱుతున కెడమిచ్చును. కావున నది వర్ణమున కవయవము గాని భూషణము గాదు. తెలుఁగున సాన్‌సెరిఫ్ అనఁగా గీఁత యంతటను ఇంచుమించుగా నొకే మందము గలదని మాత్రమే గ్రహింపవలయును. ఇట్టి సమమైన గీఁత మనకుఁ గ్రొత్త గాదు. తాటియాకుపై గంటముతోఁ జెక్కిన గీఁతయు నించుమించుగా నట్టిదే. ఇందుఁ గ్రొత్తది లావు మాత్రమే.

లావక్షరము మోటని త్రోసివేయు పెద్దలు గలరు. వారితో మే మేకీభవింపము. పాణినీయమున నొక పదమం దొక్క యచ్చే యుదాత్తమో స్వరితమో యగును, తక్కినవన్నియు ననుదాత్తములు. ఆ యొక్కదానివలననే పదమునకు వెలుఁగు. పుటకును నట్లే. శీర్షిక యుదాత్తస్థానము, రామభద్రాక్షరము లచ్చట నుచితములు. గోడపత్రములకును, సభల యాహ్వానపత్రికలకును, పుస్తకముల యట్టలకును, దూరమునుండి చదువవలసిన నామఫలకములకును నివి తగును. పుట నంతయు వీనితో నింపుట ప్రత్యక్షరము నుదాత్తముగాఁ బలుకుటవంటిది. అన్నియుఁ బ్రధానములైనచో నేదియుఁ బ్రధానము గాదు.

ఇంక దోషవిచారము. తెలుఁగక్షరము గుండ్రనిది; గీఁత లావైనకొలఁది లోని తెలుపు తఱుఁగును. రోమకలిపికంటె మనకు దీనివలన భయ మెక్కువ, ఏలన మన వర్ణభేదము లత్యల్పములగు గుఱుతులపై నిలిచియున్నవి. ‘అర్థము’, ‘అర్ధము’ అను రెండింటికి లోని చుక్కయే భేదకము. చుక్క పూడిపోయెనా, తాత్పర్యము సగమైపోవును. ‘దార’కును ‘ధార’కును భేద మడుగునున్న చిన్న గీఁతయే. ‘పరము’నందలి పకారపుఁ బైసందు మూసికొనెనేని యది ‘వరము’గాఁ గన్పట్టును. వృత్రుని కథయం దొక్క స్వరము తప్పుటచే మంత్రము యజమానునే చంపెనని మహాభాష్యము చెప్పుచున్నది. లిపిదోషము ప్రాణము తీయకపోవచ్చును గాని యర్థమును దీయును. మఱియు ‘స్త్రీ’, ‘రాష్ట్రము’ వంటి సంయుక్తములలో నొత్తు క్రిందికి దిగును, గుడి పైకి లేచును. రెండు పంక్తుల శీర్షికయం దెడము చాలనిచో మీఁది పంక్తి యొత్తులు క్రింది పంక్తి గుడులతో నొరయును.

ఈ దోషములు పెద్ద పరిమాణమునఁ దలయెత్తవు. లోని తెలుపు కంటి కానునంత మిగులును. పరిమాణము తగ్గించి, పాఠ్యభాగమునకే వాడినపుడు పొడచూపును. కావునఁ దప్పు శిల్పిది గాదు, ప్రయోక్తది.

ఈ విచారము పాఠశాలల కెక్కువగా సంబంధించినది. గోడమీఁది పటము బాలునకు రెండవ గురువు. ఆ పటమున మహాప్రాణపు గీఁత కానరానిచో, వాని నోట మహాప్రాణ మెట్లు నిలుచును? కాఁబట్టి యుపాధ్యాయులు లావక్షరములతోఁ బటము వ్రాయించు నపుడు, పైఁ జెప్పిన జంటపదములను ముందుగా నచ్చొత్తించి, తరగతి కడపటి వరుసయందు నిలిచి చదువవలయును. రెండును వేఱువేఱుగాఁ దెలిసెనా, ఆ పరిమాణము గ్రాహ్యము. తెలియకున్న దానిని బెంచవలయును. రామభద్రాక్షరములు శీర్షమున నుండఁదగినవి. వానిని శీర్షముననే యుంచుట మన వంతు.