రెండు కొసలు కలిసే చోట

గాజు కానివ్వండి, కడియం కానివ్వండి, బ్రేస్‌లెట్ కానివ్వండి, చేతికి వేసుకునేది చాలావరకు పుడుతూనే గుండ్రంగా ఉండదు. ముందు అదొక తీగ, లేదా రేకు, లేదా కడ్డీ. దానికి రెండు కొసలుంటాయి. ఆ రెంటినీ కలపడంలోనే పనితనమంతా ఉంది. చెక్కిన లతలూ పొదిగిన రాళ్ళూ పెళ్ళికీ పేరంటానికీ చూసుకోవచ్చు. తెల్లారి లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా చేతికే ఉండాల్సిన దాన్ని ఎంచేటప్పుడు మాత్రం నేను ముందు కొసలు కలిసిన చోటు వెతుకుతాను. చేసినవాడి చెయ్యి ఎలాంటిదో అక్కడ తెలిసిపోతుంది.

మామూలు బంగారు గాజునే తీసుకోండి. కంసాలి బంగారం కరిగించి కడ్డీ పోస్తాడు. దాన్ని సాగగొట్టి, కమ్మచ్చులో పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి వరసగా లాగుతూ పోతే కావలసిన లావు తీగ వస్తుంది. లాగేకొద్దీ బంగారం బిరుసెక్కుతుంది. మధ్యమధ్య కాల్చి మెత్తబరచకపోతే పుటుక్కున తెగుతుంది. తీగను గుండ్రంగా వంచాక రెండు కొసలనూ ఆకురాయితో రాస్తాడు. ఓపికంతా ఇక్కడే కావాలి. మధ్య నుంచి వెలుతురు కనపడనంత దగ్గరగా కొసలు ఆనాలి. టంకానికి ఖాళీలు పూడ్చే గుణం లేదు, ఆనుకున్న రెండు ముఖాల మధ్యకి పాకే గుణమే ఉంది. వెలిగారం రాసి, టంకం పలుకు ఒకటి పెట్టి, ఊదుగొట్టంతో మంట తిప్పుతాడు. గాజంతా సమంగా వేడెక్కాక ఆ పలుకు ఒక్కసారి తళుక్కుమని అతుకులోకి జారిపోతుంది. అప్పుడు మంట తీసెయ్యాలి. టంకం కరిగే వేడికీ, గాజు కరిగే వేడికీ మధ్య ఎడం కొంచెమే. ఒక్క క్షణం ఏమరినా చేసిన గాజు ముద్దవుతుంది. అలాంటి పని రోజుకెన్నోసార్లు, కంటి అంచనాతోనే చేసే మనిషిని చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అతుకు బాగా కుదిరిన గాజులో అది ఎక్కడుందో కనుక్కోవడం కష్టం. లోపలి వైపు వేలు పెట్టి నెమ్మదిగా తిప్పండి. ఎక్కడా గరుకు తగలకూడదు. దీపం దగ్గర పెట్టి చూస్తే రంగులో వీసమెత్తు తేడా ఉండొచ్చు, అది తప్పు కాదు. సన్నటి నల్లగీత కనిపిస్తే మాత్రం ఆ గాజు వద్దనండి. టంకం లోపలిదాకా పోలేదన్నమాట. ఆ సందులో చెమటా సబ్బూ చేరతాయి. ఎప్పుడో బకెట్ ఎత్తబోతే అక్కడే విచ్చుకుంటుంది.

టంకం సంగతి వచ్చింది కాబట్టి కేడీఎం గురించి రెండు మాటలు. పాతకాలపు టంకంలో వెండీ రాగీ ఎక్కువ. అతుకులు ఎక్కువున్న నగను కరిగిస్తే మేలిమి తగ్గేది. దానికి విరుగుడుగా కాడ్మియం కలిపిన టంకం వచ్చింది, అదే కేడీఎం. అందులో నూటికి 92 పాళ్ళు బంగారమే కాబట్టి నగ మేలిమి నిలిచేది. కానీ కాడ్మియం 767 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది. ఆ పొగ పోయేది మంట ముందు కూర్చున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి. అందుకే హాల్‌మార్కు నగల్లో దానికి చోటు లేకుండా పోయింది. కేడీఎం అన్న మాటను గొప్పగా చెప్పే దుకాణం ఇంకా ఎక్కడైనా కనిపిస్తే, అది పాత మాటని గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు చూడాల్సినవి మూడు: బీఐఎస్ త్రికోణం గుర్తు, మేలిమి అంకె, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు తప్పనిసరైన చోట హెచ్‌యూఐడీ లేని నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరింటినీ కొడితే నగ వివరాలు వస్తాయి.

ఇక కొలత. దుకాణంలో 2.4, 2.6, 2.8 అంటారు కదా, చాలామంది వాటిని దశాంశాలనుకుంటారు. చుక్క తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.4 అంటే గాజు లోపలి అడ్డుకొలత రెండుంపావు అంగుళాలు, 2.8 అంటే రెండున్నర. మన అమ్మమ్మలు రెండుంపావు గాజులు, రెండున్నర గాజులు అని సరిగ్గానే అడిగేవారు. ఇందులో ఇంకో సుళువుంది. బొటనవేలిని చిటికెనవేలి వైపు ముడిచి, చేతి కణుపుల దగ్గర అన్నిటికంటే వెడల్పైన చోట దారం చుట్టి, స్కేలు మీద కొలవండి. 17 సెంటీమీటర్లయితే 2.2, 18 అయితే 2.4, 19 అయితే 2.6, 20 అయితే 2.8, 21 అయితే 2.10. సైజుకో సెంటీమీటరు. గట్టి గాజు రోజూ తీసి వేసుకునేది కాదు కాబట్టి సబ్బు లేకుండా కొంచెం బిగువుగా ఎక్కేదే సరైన సైజు. వదులైతే మోచేతిదాకా జారి, మళ్ళీ మణికట్టుకి వచ్చి, రోజంతా దేనికో ఒకదానికి కొట్టుకుంటూనే ఉంటుంది.

కణుపులు పెద్దవై మణికట్టు సన్నగా ఉన్నవాళ్ళకి గట్టి గాజు కుదరదు. వాళ్ళకోసమే మర కడియం. నగల పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మణికట్టు నిజానికి గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. గట్టి గాజు చెయ్యంతా దాటి రావాలి కాబట్టి గుండ్రంగానే ఉండక తప్పదు. మధ్యకి తెరుచుకునే కడియానికి ఆ బాధ లేదు. దాన్ని మణికట్టు ఆకారానికే కోలగా మలచవచ్చు. తిరగదు, జారదు, కీబోర్డు మీద చప్పుడు చెయ్యదు.

దాని కీలును దగ్గరగా చూడండి. చిన్నచిన్న గొట్టాలు ఒకదాని పక్కన ఒకటి, అటు సగానివీ ఇటు సగానివీ ఒకటి విడిచి ఒకటి కూర్చి ఉంటాయి. మంచి పనిలో వాటి లెక్క మూడో అయిదో, అంటే బేసి. రెండు చివరల గొట్టాలూ ఒకే సగానివి కావడంతో బరువు అటూ ఇటూ సమంగా పడుతుంది. వాటన్నిటి గుండా ఒకే ఒక సీల పోతుంది. తెరిచి, రెండు సగాలనూ పట్టుకుని అడ్డంగా కదిపి చూస్తే ఊగకూడదు. రెండో చివర మర. 22 క్యారెట్ల బంగారం మెత్తన. అందులో కోసిన మరచుట్లు తిప్పగా తిప్పగా అరుగుతాయి. తెలిసిన పనివాడు చుట్లు లోతుగా, ఎక్కువగా కోస్తాడు. మర తల మాత్రం చొక్కా చేతికి తగలనంత కురచగా ఉంచుతాడు. మర పూర్తిగా ఊడి చేతిలోకి రాకుండా లోపల ఆపు పెట్టినది దొరికితే కళ్ళకద్దుకుని తీసుకోండి. ఊడొచ్చే మరలు పోయేవి ఎక్కువగా వాష్‌బేసిన్‌లోనే. మర కడియానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చినది కార్టియే వారి లవ్ బ్రేస్‌లెట్. ఆల్డో చిపుల్లో 1969లో న్యూయార్క్‌లో రూపొందించారు. అందులో మరలను దాచలేదు, వాటినే అలంకారం చేసి పైన పెట్టారు. కొసలు కలిసే చోటును అంత ధైర్యంగా చూపించడం నాకు ఎప్పటికీ నచ్చే సంగతి.

గొలుసు బ్రేస్‌లెట్ తేలిక, కుర్రకారుకి సౌఖ్యం. అయితే ఇందులో కొసలు రెండు కావు, ప్రతి కొలికికీ రెండేసి. ఒక్కో కొలికీ విడిగా అతికి ఉండాలి. గొలుసును వేళ్ళ మీద పరిచి, కొలికి తర్వాత కొలికి చూసుకుంటూ పోవడానికి బద్ధకించకండి. చాలాసార్లు తెగేది గొలుసు దగ్గర కాదు. కొక్కేన్ని గొలుసుకు కలిపే చిన్న వలయం విచ్చుకుంటుంది. ఆ వలయాన్ని వంచి నొక్కి వదిలేశారా, టంకం పెట్టారా అన్నది అడగాల్సిన ప్రశ్న. టెన్నిస్ క్రీడాకారిణి క్రిస్ ఎవర్ట్ మ్యాచ్ మధ్యలో వజ్రాల బ్రేస్‌లెట్ ఊడిపోతే ఆట ఆపి వెతుక్కున్నారు. ఆ వరసకి టెన్నిస్ బ్రేస్‌లెట్ అనే పేరు స్థిరపడింది. రాళ్ళ బ్రేస్‌లెట్ కొంటే పెట్టె కొక్కేనికి పక్కన ఇంకో చిన్న తాళపు తీగ ఉందేమో చూడండి. ఒకటి జారినా రెండోది పట్టుకుంటుంది.

మట్టిగాజుకీ అతుకుందంటే నమ్ముతారా? ఫిరోజాబాద్‌లో కరిగిన గాజును తీగలా సాగదీస్తూ తిరిగే కడ్డీకి స్ప్రింగులా చుడతారు. ఆ చుట్టను పొడవునా కోస్తే కొసలు తెరుచుకున్న వలయాలు వస్తాయి. కొసలను ఒక వరసకి తేవడం, చిన్న మంట మీద కరిగించి కలపడం చాలావరకు అక్కడి ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతుల మీదుగా జరుగుతుంది. డజను గాజులు మనం బేరమాడి తెచ్చుకుంటాం. అందులో డజను అతుకులున్నాయి, ప్రతిదీ ఒక మనిషి మంట ముందు కూర్చుని కలిపినదే. ఒక జాగ్రత్త: బంగారు గాజుల మధ్య మట్టిగాజులు వేసుకోవడం అందమే కానీ గాజు బంగారం కంటే గట్టిది. రోజూ రాసుకుంటే బంగారం మీద గీతలు పడతాయి.

హైదరాబాద్ లాడ్ బజారు లక్కగాజుల్లోనైతే టంకమే అక్కర్లేదు. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద పురుగు కట్టే లక్కే వాటి పదార్థం, వాటి జిగురూ. వేడి చేసి కర్రకు పట్టించి సాగదీసిన లక్కను వలయంగా వంచి, వెచ్చటి కొసలను వేళ్ళతో నొక్కితే కలిసిపోతాయి. ఆ వెచ్చదనం ఆరేలోపే అద్దాలూ రాళ్ళూ ఒక్కొక్కటే అద్దుతారు. 2024లో ఈ గాజులకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎంత ముచ్చటపడినా రోజువారీకి వీటిని నేను చెప్పను. వేడినీళ్ళకి మెత్తబడతాయి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి శానిటైజరూ సెంటూ తగిలితే మెరుపు పోతుంది. పండగ రోజున వేసుకుని, సాయంత్రానికి గుడ్డలో చుట్టి దాచుకోండి.

పని చేసే చేతికి తక్కువ ఉంచుకోవాలన్నది కూడా మనసులో పెట్టుకోండి. 1926లో మొహెంజొదారోలో దొరికిన కంచు నాట్యకత్తె బొమ్మలోనూ అంతే, ఎడమ చేతి నిండా గాజులున్నాయి, కుడి చేతికి నాలుగే.

నన్నడిగితే నిత్యం ఉండాల్సిన చేతికి చెక్కుడు లేని 22 క్యారెట్ల గట్టి గాజు ఒకటి చాలు. అది ఎక్కని చేతికి మర కడియం. తరుగు మీద ఎంతైనా బేరమాడండి. అతుకు కనపడకుండా చేసిన మనిషికి దక్కే మజూరీ మీద మాత్రం ఆడకండి. ఏడాదికోసారి ఆ మరనూ కీలు సీలనూ తెలిసిన కంసాలికి చూపించండి. వదులైన దాన్ని బిగించడం ఆయనకి పది నిమిషాల పని.