ప్రదక్షిణ నుండి ప్రదర్శనకు: అమరావతి శిల్పం, మ్యూజియం, రచయిత చూపు

మ్యూజియం కళాకారులకు ప్రేరణనిస్తుందనే మాట తెలుగు విమర్శలో కొత్తది కాదు. ఫలానా శిల్పం చూసి ఫలానా చిత్రం గీశారనో, నవల రాశారనో చెప్పి ఆగిపోవడం పరిపాటి. రచయిత చూసిన శిల్పం ఏ స్థితిలో ఉన్నది? తన చోట తాను నిలిచి ఉన్నదా, చోటు తప్పి గోడకు ఆనించి ఉన్నదా? ఈ ప్రశ్న వేసుకోనంతవరకు ప్రేరణ అనే మాట పలచగానే ఉండిపోతుంది. అమరావతి శిల్పాల విషయంలో మాత్రం ఈ ప్రశ్నను దాటవేయడం సాధ్యం కాదు.

స్థానికులు దీపాలదిన్నె అని పిలిచిన దిబ్బను 18వ శతాబ్ది చివరలో కాలిన్ మెకంజీ చూసేనాటికే మహాచైత్యపు రాళ్లు కొత్త కట్టడాలకు తరలిపోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన ఫలకాలలో అధికభాగం 1859లో లండన్‌కు ఓడ ఎక్కింది. తరువాతి తవ్వకాలలో దొరికినవాటిలో అనేకం మద్రాసులోనే నిలిచాయి. ఫలితంగా నేడు అమరావతి చైత్యాన్ని చూడదలచినవారు ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి, బ్రిటిష్ మ్యూజియానికి, చివరకు అమరావతిలోని చిన్న మ్యూజియానికి వెళ్లి, మూడు చోట్ల చూసినదాన్ని మనసులో కలుపుకోవాలి.

ఈ చెదరడంలో పోయినది రాయి మాత్రమే కాదు, చదివే క్రమం కూడా. యాత్రికుడు చైత్యాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని, వేదికకూ అండానికీ నడుమనున్న బాటలో నడిచేవాడు. జాతకకథలు, బుద్ధుని జీవితఘట్టాలు అతని నడకతోపాటు ఒకదాని వెనుక ఒకటి ఎదురయ్యేవి. ఆ శిల్పసముదాయాన్ని మన పరిభాషలో ప్రబంధమనవచ్చు. మ్యూజియంలో నడక మారింది. వరుస మారింది. ఫలకానికీ ఫలకానికీ మధ్య ఖాళీ గోడ వచ్చింది. ప్రబంధం ముక్తకాలుగా విడిపోయింది.

ఇది నష్టమే. కానీ ముక్తకానికి అలంకారశాస్త్రం ఇచ్చిన స్థానం తక్కువది కాదు. అమరుకుని ఒక్కొక్క శ్లోకమూ ప్రబంధమంతటి రసాన్ని ఒలికిస్తుందని ధ్వన్యాలోకంలో ఆనందవర్ధనుడు అభిప్రాయపడ్డాడు. ఈ మాటను ఎగ్మూరు మ్యూజియంలోని నలగిరి ఫలకానికి అన్వయించి చూడవచ్చు. ఒకే వృత్తంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకసారి మదించి మనుషులను తొక్కుతూ, మరొకసారి బుద్ధుని ముందు మోకరిల్లుతూ. ఈ రెండు క్షణాల మధ్య గీత లేదు. భయపడిన స్త్రీ పక్కనున్నవానిని పట్టుకొన్నది. పై అంతస్తుల గవాక్షాల నుండి నగరవాసులు తొంగిచూస్తున్నారు. అశ్వఘోషుడు, కాళిదాసు తమ కావ్యాలలో వర్ణించిన గవాక్షస్త్రీలు ఇక్కడ రాతిలో ఉన్నారు. మరొక విశేషం గమనింపదగినది. శిల్పి సంఘటనను మాత్రమే చెక్కలేదు, దానిని చూస్తున్నవారినీ చెక్కాడు. మ్యూజియంలో ఫలకం ముందు నిలబడిన సందర్శకుడు ఆ గవాక్షంలోని ముఖాలకు ఎదురుగా నిలబడతాడు. వరుసలో వెనుకా ముందూ వేరే ఘట్టాలు ఉన్నప్పుడు ఇంతసేపు ఈ ముఖాల దగ్గర ఆగడం ఏ యాత్రికునికైనా కష్టమే.

ఇలా ఆగి చూసినవారిలో అగ్రగణ్యుడు సి. శివరామమూర్తి. మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాలపై 1942లో వెలువడిన ఆయన గ్రంథం పేరుకు మ్యూజియం ప్రచురణ, నిజానికి కావ్యవ్యాఖ్యానం. తలపాగా చుట్టు, హారం పేట, ఆసనం, వాద్యం దేనినీ ఆయన వట్టి వస్తువుగా వదలలేదు. సంస్కృత కావ్యాలలోని వర్ణనల పక్కన నిలిపి చూపాడు. తెలుగు పరిశోధనలో ఆ గ్రంథం చారిత్రక ఆధారంగానే ఎక్కువగా ఉపయోగపడింది. పఠనపద్ధతిగా దానినుండి నేర్చుకోవలసినది ఇంకా మిగిలే ఉన్నది.

శివరామమూర్తి శిల్పం నుండి కావ్యానికి నడిస్తే, అడివి బాపిరాజు శిల్పం నుండి నవలకు నడిచాడు. ప్రమోదకుమార చట్టోపాధ్యాయ వద్ద చిత్రకళ అభ్యసించిన బాపిరాజుకు రూపం మాటకంటె ముందు తోచేది. శాతవాహన యుగపు 'హిమబిందు'లో సువర్ణశ్రీని శిల్పిగా, శిల్పాచార్యుడైన ధర్మనంది కుమారునిగా నిలపడం యాదృచ్ఛికం కాదు. రాజునో సేనానినో కాక, రాతిని చెక్కే చేతిని కథ నడుమ పెట్టడం వల్ల చెదిరిన ముక్తకాలకు మళ్లీ ప్రబంధసూత్రం దొరికింది. ధాన్యకటకపు వీధులు, రథాలు, ఉత్సవాలు కథలో కదిలే చోట పాఠకుడు ఫలకాల మధ్యనున్న ఖాళీ గోడను మరచిపోతాడు. అయితే నవల అంతటా ఈ ఫలితం సమానంగా లేదు. ఆభరణాలూ వస్త్రాలూ పేర్లవారీగా బారులు తీరే వర్ణనలలో కథ ఆగిపోతుంది. అక్కడ నవల తానే ఒక ప్రదర్శనశాలగా మారి, పాత్ర వెనక్కి తగ్గి వస్తువు మిగులుతుంది. 'హిమబిందు'ను చారిత్రక నవలగా మాత్రమే తూచి, కాలనిర్ణయంలోని తప్పొప్పులు వెదికిన విమర్శకు ఈ రెండు రకాల వర్ణనల మధ్య భేదం అందలేదు. ఆ భేదం చరిత్రజ్ఞానానికి సంబంధించినది కాదు, చూపుకు సంబంధించినది. సువర్ణశ్రీ కళ్లతో చూసినప్పుడు రాయి కదిలింది. కథకుడే సందర్శకుడై చూసినప్పుడు కదలలేదు.

సంగీతజ్ఞులకు ఈ శిల్పాలు వేరొక సమస్యను ఇస్తాయి. ఫలకాలలోని వీణ నేటి వీణ కాదు. విల్లు వంపుతో, మెట్లు లేకుండా, తంతికొక స్వరంగా మీటే వాద్యం. మన దేశపు కచేరీలలో అది ఏనాడో కనుమరుగైంది. దాని బంధువు బర్మాలో సౌంగ్ అనే పేరుతో నేటికీ మోగుతున్నది. గమకం ప్రాణమైన సంప్రదాయంలో పెరిగిన వైణికునికి ఆ వాద్యాన్ని చూడగానే మెట్టుమీద తంతిని లాగే అవకాశం లేని సంగీతం ఎలా ఉండేదనే ప్రశ్న కలుగక మానదు. రామప్ప శిల్పాలనూ జాయపసేనాని నృత్తరత్నావళినీ ఆధారం చేసుకొని నటరాజ రామకృష్ణ పేరిణిని పునరుద్ధరించగలిగారు. అమరావతి వీణకు అటువంటి లక్షణగ్రంథపు అండ అంతగా లేదు, రాతి మౌనమే ఎక్కువ.

మ్యూజియం వల్ల పోయినదే గాని వచ్చినది లేదనే వాదానికి బ్రిటిష్ మ్యూజియంలోని ఒక ఫలకం అడ్డు నిలుస్తుంది. దానికి రెండు వైపులా శిల్పముంది. క్రీ.పూ. 1వ శతాబ్ది నాటి ముఖంలో బుద్ధుని రూపం లేదు. బోధివృక్షమూ దానిని పూజించేవారూ ఉన్నారు. క్రీ.శ. 3వ శతాబ్దిలో అదే రాతిని తిప్పి, రెండవ ముఖంపై ఆయక స్తంభాలతో, సింహాలతో సహా చైత్యాన్ని చెక్కారు. చైత్యం నిలిచి ఉన్న కాలంలో పాత ముఖం లోపలికి తిరిగి ఉండేది. కొత్త ముఖాన్ని చూసి నమస్కరించిన యాత్రికునికి దాని వెనుక చెట్టు ఉన్నదని తెలియదు. నేటి సందర్శకుడు ఫలకం చుట్టూ నాలుగు అడుగులు వేస్తే చాలు, సుమారు మూడు శతాబ్దుల ఎడమున్న రెండు ముఖాలనూ చూడగలడు. ధాన్యకటకంలో ఎవరికీ దక్కని ఆ చిన్న ప్రదక్షిణ లండన్‌లో సాధ్యమైంది. ఆ ఫలకాన్ని కథావస్తువుగా తీసుకోదలచిన తెలుగు రచయిత ముందుగా ఏ ముఖం వైపు నిలబడాలో తేల్చుకోవలసి ఉంటుంది.